తలుపు మూశాక మిగిలే పని

నా కంప్యూటర్లో ఒకసారి బ్యాక్‌డోర్ బయటపడింది. యాంటీవైరస్ చూపించిన ఫైల్‌ను వెంటనే తీసివేశాను. మరునాడు ఉదయం అదే ఫైల్ అదే ఫోల్డర్లో మళ్లీ కనిపించింది. మూడోసారి గానీ విషయం అర్థం కాలేదు: నిర్ణీత వేళల్లో పనులను తానే నడిపే విండోస్ సాధనమైన టాస్క్ షెడ్యూలర్‌లో, ఏదో అప్‌డేట్‌కు సంబంధించినదన్నట్లున్న పేరుతో ఒక పని నమోదై ఉంది, నేను లాగిన్ అయిన ప్రతిసారీ అది ఇంటర్నెట్ నుంచి ఆ ఫైల్‌ను మళ్లీ దింపుకొంటోంది. నేను తుడుస్తున్నది పాదముద్రలను మాత్రమే, మనిషి ఇంకా ఇంట్లోనే ఉన్నాడు.

బ్యాక్‌డోర్ అంటే పేరులో ఉన్నట్లే దొడ్డిదారి: మనకు తెలియకుండా బయటివాడు మన కంప్యూటర్‌ను నడిపించుకునేందుకు దారి ఇచ్చే ప్రోగ్రామ్. ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్ తన ఉనికిని తానే చాటుకుంటుంది; బ్యాక్‌డోర్‌కు మాత్రం మౌనమే బలం. 1998లో కల్ట్ ఆఫ్ ది డెడ్ కౌ అనే హ్యాకర్ల బృందం డెఫ్‌కాన్ సమావేశంలో విడుదల చేసిన బ్యాక్ ఆరిఫిస్, చేరిన కంప్యూటర్లో 31337వ పోర్టును, అంటే నెట్‌వర్క్ రాకపోకలకు ఉండే అంకెల ద్వారాల్లో ఒకదాన్ని, తెరిచి తనను పంపినవాడి పిలుపు కోసం కాచుకుని ఉండేది. ఇప్పటివి చాలావరకు అలా కాచుకుని కూర్చోవు. బయటి నుంచి లోపలికి వచ్చే సంబంధాలను రూటర్లు, ఫైర్‌వాల్‌లు అడ్డుకుంటాయి కాబట్టి, లోపలి నుంచి తామే బయటి సర్వర్‌ను పలకరిస్తాయి. మామూలు వెబ్ రాకపోకలు సాగే 443వ పోర్టు గుండానే ఆదేశాలను అందుకుంటాయి. అందుచేత ఫైర్‌వాల్ ఉన్నదన్న ధీమా సగం మాత్రమే నిజం.

ఇది లోపలికి వచ్చే దారుల్లో ఎక్కువ భాగం మనం తెరిచినవే. క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్‌ను ఇన్‌స్టాల్ చేసే ముందు యాంటీవైరస్‌ను ఆపివేయమని చెప్పే సూచన ఎంత నిర్లజ్జగా ఉంటుందో గమనించండి: కాపలాదారును దొంగే సెలవుపై పంపమంటున్నాడు, మనం పంపుతున్నాం. ఈమెయిల్ జోడింపులది పాత కథే. సరిచేయని లోపాల దారి వేరు. విండోస్‌లోని ఒక లోపానికి మైక్రోసాఫ్ట్ 2017 మార్చిలో సవరణ ఇచ్చింది. దానిని వేసుకోని యంత్రాల్లోకి అదే లోపం ద్వారా డబుల్‌పల్సర్ అనే బ్యాక్‌డోర్ చేరింది, మే నెలలో వనాక్రై అనే రాన్సమ్‌వేర్ కూడా ఆ బాటనే పట్టింది.

నన్ను అన్నిటికంటె కలవరపెట్టేది మాత్రం, నమ్మిన చోటు నుంచే వచ్చేది. 2017లో, కంప్యూటర్లోని చెత్త ఫైళ్లను తుడిచే సీక్లీనర్ 5.33వ వెర్షన్, అధికారిక సర్వర్ నుంచే, బ్యాక్‌డోర్‌తో సహా దాదాపు నెల రోజులు జనానికి అందింది. 2024 మార్చిలో బయటపడిన, ఫైళ్లను కుదించడానికి లైనక్స్‌లో వాడే ఎక్స్‌జెడ్ యుటిల్స్ ఉదంతం ఇంకా విచిత్రమైనది. జియా టాన్ అనే పేరుతో ఒకరు ఆ ప్రాజెక్టులో రెండేళ్లకు పైగా ఓపికగా పనిచేసి, నిర్వహణ బాధ్యత సంపాదించి, 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొడ్డిదారి పెట్టారు. దూరంలోని కంప్యూటర్లోకి ప్రవేశించే ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్‌కు మామూలుకంటె సుమారు అర సెకను ఎక్కువ పడుతోందేమిటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు ఆరా తీయబట్టి అది బయటపడింది గానీ, ఏ యాంటీవైరస్సూ పట్టుకోలేదు.

ఇక తొలగింపు. మొదట నెట్‌వర్క్ తెంచాలి. ఆదేశాలు అందకుంటే లోపలివాడి చేతులు కట్టినట్లే. తరువాత విండోస్ పూర్తిగా మొదలుకాక ముందే పనిచేసే, విండోస్ సొంత యాంటీవైరస్ డిఫెండర్‌లోని ఆఫ్‌లైన్ స్కాన్ నడపాలి, ఎందుకంటే నడుస్తున్న విండోస్‌లో మాల్‌వేర్ తనను తాను దాచుకోగలదు. ఆపైన, కంప్యూటర్‌తోపాటు వాటంతటవే మొదలయ్యేవాటిని చూపే సిస్‌ఇంటర్నల్స్ వారి ఆటోరన్స్‌తో రిజిస్ట్రీ రన్ కీలు, సర్వీసులు, షెడ్యూల్ చేసిన పనులు ఒక్కొక్కటిగా పరిశీలించాలి. చాలామంది చూడనివి రెండున్నాయి. డిఫెండర్ తనిఖీ చేయకుండా వదిలేసే మినహాయింపుల జాబితాలో మాల్‌వేర్ తన ఫోల్డర్‌ను తానే చేర్చుకుని ఉండవచ్చు. మీరు పెట్టని రిమోట్ యాక్సెస్ ప్రోగ్రామ్ ఏదైనా ఉండవచ్చు, అది చట్టబద్ధమైన సాఫ్ట్‌వేరే కావడం వల్ల స్కానర్ నోరు మెదపకపోవచ్చు.

ఇంత చేసినా, నా అభిప్రాయం విండోస్‌ను మొదటి నుంచి ఇన్‌స్టాల్ చేయడమే మేలని. దారి తెరిచి ఉన్నన్నాళ్లు దాని గుండా ఇంకా ఏమేమి వచ్చాయో ఏ స్కానరూ హామీ ఇవ్వలేదు. శుభ్రమైన వేరొక కంప్యూటర్లో విండోస్ ఇన్‌స్టాల్ చేసే యూఎస్‌బీ డ్రైవ్ తయారుచేసుకుని, డిస్క్‌లోని భాగాలన్నీ చెరిపి ఇన్‌స్టాల్ చేయాలి. పత్రాలు, ఫొటోలు మాత్రమే వెనక్కి తెచ్చుకోవాలి, ప్రోగ్రాములను కాదు. 2018లో బయటపడిన లోజాక్స్ వంటివి డిస్క్‌లో కాక మదర్‌బోర్డు చిప్‌లోని సాఫ్ట్‌వేర్ అయిన ఫర్మ్‌వేర్‌లోనే దాగి ఈ పనికీ లొంగవు గానీ, అవి మామూలు వాడుకరికి ఎదురయ్యేది చాలా అరుదు.

పాస్‌వర్డ్‌లను మరో పరికరం నుంచి మార్చాలి. అంతటితో ఆగకుండా, అన్ని ఖాతాల్లోనూ అన్ని సెషన్ల నుంచి సైన్ అవుట్ కావాలి, ఎందుకంటే మనం లాగిన్ అయి ఉన్నామని సైట్లకు చెప్పే బ్రౌజర్ కుకీలు చేజిక్కినవాడికి పాస్‌వర్డ్‌తోనూ, ఫోన్‌కు వచ్చే ఓటీపీతోనూ పని ఉండదు. నా విషయంలో విండోస్‌కు రెండు గంటలు పడితే, ఖాతాలకు రెండు రోజులు పట్టింది. రెండో రోజు ఈమెయిల్ ఖాతాలో సైన్ ఇన్ అయి ఉన్న పరికరాల జాబితా తెరిచాను. అందులో నాది కాని కంప్యూటర్ ఒకటి ఉంది.