ఆ స్కాన్ గదికి గొళ్లెం లేదు

కాలికి స్కాన్ చేయించుకుని నిన్న రాత్రే బరంపురం నుంచి ఇల్లు చేరాను. కాలికి పూసిన జిగురు కడిగితే పోయింది గానీ సిగ్గు పోలేదు. అది చల్లారక ముందే రాసేస్తున్నా.

నాకు అరవై మూడేళ్లు. ఒడిశాలోని పర్లాకిమిడిలో తెలుగు మాష్టారుగా 34 ఏళ్లు బోర్డు ముందు నిలబడే పాఠం చెప్పాను. కుర్చీలో కూర్చుని చెప్పే రకాన్ని కాను. ఇప్పుడు ఎడమ పిక్క నిండా వానపాముల్లా ఉబ్బిన నరాలు. సాయంత్రమయ్యేసరికి పాదం వాచి చెప్పు పట్టదు. "నరాల డాక్టరుకి చూపించండి" అని నలుగురూ అంటే వెళ్లాను. ఆయన మోకాలి మీద చిన్న సుత్తితో కొట్టి, అరికాలు గీకి, ఫీజు పుచ్చుకున్నాక, "ఇది నా శాఖ కాదు మాష్టారూ, మీది రక్తనాళం" అన్నాడు. గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊరు మాది, ఆ మాట గర్వంగానే చెప్పుకుంటాం. కానీ వాడుకలో రక్తం పారే గొట్టాన్నీ, స్పర్శ మోసే తీగనీ, రెండింటినీ నరమే అంటున్నాం. ఒడియా వాళ్లు నయం, రక్తం పారేది శిరా, రెండోది స్నాయు. మనకీ సిర అనే మాట ఉంది. పరీక్షలో ఖాళీలు పూరించడానికి.

సరే, మా ఊరి పాత డాక్టరే డాప్లర్ స్కాన్ రాశారు, సిరల్లో రక్తం ఎలా పారుతోందో శబ్ద తరంగాలతో చూసే పరీక్ష. ఒక్క కాలే వాచింది కాబట్టి లోపలి సిరలో రక్తం గడ్డ కట్టిందేమో చూడాలన్నారు. ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికొస్తుందట. మర్నాడే బస్సెక్కాను. మా అమ్మాయి అత్తవారిది బరంపురమే, అక్కడే దిగాను. అదే నేను చేసిన తప్పు.

స్కాన్ సెంటరుకి ఫోన్ చేస్తే ఓ పిల్ల "ఖాళీ కడుపుతో రండి" అని పెట్టేసింది. వియ్యాలవారింట్లో వేడివేడి ఇడ్లీ వద్దని, కాఫీ కూడా వద్దని, నీరసంగా వెళ్లి కూర్చున్నాను. పదకొండున్నరకి లోపల డాక్టరు నవ్వాడు. కాళ్లకైతే ఉపవాసం అక్కర్లేదట, పొట్టలో రక్తనాళాలు చూసేటప్పుడే కావాలట. ఆ పిల్లకి అన్నీ ఒకటే. మీరు మాత్రం ఏ భాగానికి స్కానో చెప్పి, తినొచ్చో లేదో రెండుసార్లు అడగండి. కాలికి నూనె, బామ్ రాసుకుని వెళ్లకండి. వదులు పంచెగాని లుంగీగాని మేలు. లోపలి బట్ట మంచిది వేసుకోండి, ఎందుకో వినండి.

మొదట పడుకోబెట్టారు. గజ్జల దగ్గర చల్లటి జిగురు పోసి, చేతిలో పట్టే పరికరంతో అక్కడి నుంచి మోకాలి వెనక దాకా అంగుళం అంగుళం నొక్కుకుంటూ వచ్చారు. నొక్కితే సిర చదునైపోవాలి, గడ్డ ఉంటే అవదు. సూది లేదు, ఎక్స్‌రే లాంటి కిరణాలూ లేవు. తెర మీద నీలం రంగు కనిపించి నా రక్తం చెడిపోయిందని హడలిపోయాను. రక్తం పరికరం వైపు వస్తే ఒక రంగు, దూరంగా పోతే ఇంకోటి, అంతేనట. గుణుపూరు రైలు ఊళ్లోకొస్తూ వేసే కూత ఒకలా, దాటిపోతూ వేసేది ఒకలా వినపడదూ? ఇదీ అదే సూత్రం. 1842లో డాప్లర్ అనే ఆస్ట్రియా ఆయన చెప్పింది.

గడ్డ లేదన్నారు. హమ్మయ్య అనుకుని పంచె సర్దుకుంటూంటే, "ఠియా హుఅంతు" అన్నాడు డాక్టరు. నిలబడాలట. సిరల్లో తలుపుల్లాంటి కవాటాలు ఉంటాయి, రక్తం కిందికి జారకుండా మూసుకుంటాయి. అవి కారుతున్నాయో లేదో నిలబెడితేనే సరిగ్గా తెలుస్తుంది. చిన్న స్టూలు ఎక్కించారు. బరువంతా కుడికాలి మీద వేసి, ఎడమకాలు వదులుగా పెట్టి, రెండు చేతులతో పంచె నడుం దాకా ఎత్తి పట్టుకోవాలి. ఓ కుర్రాడు నా పిక్క పిసికి వదులుతాడు. పిసికినప్పుడు రక్తం పైకి పోతూ మిషనులో హుష్షుమంటుంది. వదిలాక నిశ్శబ్దం కావాలి. నాకు మళ్లీ హుష్షు. అర సెకను దాటి వెనక్కి వస్తే కవాటం పాడైనట్టేనట. మధ్యలో గట్టిగా దగ్గమన్నారు, ఊపిరి బిగబట్టి ముక్కమన్నారు.

నేను కళ్లు మూసుకుని ముక్కుతుండగా తలుపు తెరుచుకుంది. గొళ్లెం లేదు. తర్వాతి పేషెంటు చీటీ పట్టుకుని వార్డుబాయి నిలబడ్డాడు. వాడి వెనక బెంచీ మీద, నేను ఖాళీ కడుపుతో ఉన్నానని ఫ్లాస్కులో కాఫీ పట్టుకుని వచ్చిన మా వియ్యపురాలు.

"అయ్యో, అన్నయ్యగారూ" అంది.

చేతులు వదిలేస్తే పంచె జిగురులో పడుతుంది. దిగుదామంటే డాక్టరు "కదలకండి" అంటున్నాడు. వార్డుబాయి తీరిగ్గా పేరు చదివి వినిపిస్తున్నాడు. తలుపు మూయడానికి పట్టిన ఆ కాసేపు నాకు 34 ఏళ్ల సర్వీసంత ఉంది. 1800 రూపాయలు తీసుకునేవాడికి పది రూపాయల గొళ్లెం దొరకలేదా? గర్భంలో ఆడా మగా చెప్పం అని చట్టం ప్రకారం పెద్ద బోర్డు పెట్టారు, మంచిదే. దాని పక్కన ఓ పరదా కూడా వేలాడదీయొచ్చు. రెండు కాళ్లకీ కలిపి ముప్పావుగంట పట్టింది, మరో రెండుసార్లు తలుపు తెరిచారు. ఆడవాళ్లెవరైనా వెళ్తే ముందే అడగండి, తలుపు వేస్తారా, తోడు ఆడమనిషి ఉంటుందా అని. మొహమాటపడితే నాలా అవుతుంది.

మధ్యాహ్నం భోజనంలో వియ్యపురాలు గారు నా విస్తరి వైపు మాత్రమే చూస్తూ వడ్డించారు. వియ్యంకుడు రాజకీయాలు మాట్లాడాడు.

రిపోర్టు గంటలో ఇచ్చారు. గజ్జల దగ్గర, చర్మం కిందే ఉండే పైసిర కవాటం కారుతోంది, గడ్డ లేదు. ప్రస్తుతానికి బిగుతు మేజోళ్లు, కాలు ఎత్తులో పెట్టుకోవడం. అవసరమైతే తర్వాత లేజరు చికిత్స. ఆ మేజోడు పొద్దున్న మంచం దిగకముందే తొడగాలట, నేనూ మా ఆవిడా కుస్తీ పడుతున్నాం. మూడు నెలలకి మళ్లీ స్కాన్‌కి రమ్మన్నారు. అమ్మాయికి ఫోన్ చేసి చెప్పేశాను, ఈసారి లాడ్జీలో దిగుతానని.