ల్యాబ్ నుంచి కోర్టుకు

మందుల పేటెంట్ కేసులు వాదించే లాయర్ కావాలంటే ఎమ్మెస్సీ కెమిస్ట్రీ తర్వాత మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ, బార్ కౌన్సిల్‌లో నమోదు, ఆలిండియా బార్ పరీక్ష. దారి ఇంతే. పేటెంట్ ఆఫీసులో ఇతరుల తరఫున దరఖాస్తులు వేసే పేటెంట్ ఏజెంట్ పరీక్షకు మాత్రం సైన్స్ లేదా ఇంజినీరింగ్ డిగ్రీ తప్పనిసరి, ఒట్టి లా డిగ్రీ చాలదు.

సైన్స్ నుంచి వచ్చినవాళ్లు మొదట తడబడేది క్లెయిమ్ దగ్గరే, అంటే పేటెంటులో దేని మీద హక్కు కోరుతున్నారో చెప్పే వాక్యం దగ్గర. ఆవిష్కరణ ఎంత గొప్పదైనా హక్కు హద్దులు గీసేది క్లెయిమ్‌లోని మాటలే. దాన్ని ముక్కలు చేసి ఒక వరుసలో, ఎదుటి పక్షం మందు గురించిన ఆధారం పక్క వరుసలో రాసుకోవాలి. స్ఫటిక రూపం మీద తగాదా అయితే ఎక్స్‌రే డిఫ్రాక్షన్ (స్ఫటికం లోపలి అమరికను ఎక్స్‌రేలతో చూపే పరీక్ష) గ్రాఫులోని శిఖరాలు ఒక్కొక్కటీ పోల్చాలి. శాంపిల్ ఏ బ్యాచ్‌దో, ఎవరు సీల్ వేశారో రాసిపెట్టకపోతే ఎంత మంచి గ్రాఫైనా క్రాస్ ఎగ్జామినేషన్‌లో నిలవడం కష్టం.

గ్లివెక్ అనే క్యాన్సర్ మందు మీద వచ్చిన తీర్పు (2013) అంటే నాకు చాలా గౌరవం. ఆ మందు బీటా స్ఫటిక రూపం శరీరానికి 30 శాతం ఎక్కువగా అందుతుందని దాని తయారీ కంపెనీ నోవార్టిస్ వాదించింది. దానివల్ల చికిత్సాఫలితం పెరిగినట్టు చూపలేదని, తెలిసిన మందు కొత్త రూపానికి ఫలితం పెరిగితేనే పేటెంటు అనే పేటెంట్ చట్టం సెక్షన్ 3(డి) కింద సుప్రీంకోర్టు పేటెంటు నిరాకరించింది. ల్యాబ్‌లో అది మంచి ఫలితమే, చట్టం అడిగిన ప్రశ్న వేరు. ఈ తేడా ఒంటబట్టడానికి ఏళ్లు పడుతుంది.

ఇక గడువు. పేటెంట్ తగాదాల్లాంటి వాణిజ్య దావాలో ప్రతివాది రాతపూర్వక జవాబుకు 30 రోజులు, కోర్టు అనుమతిస్తే గరిష్ఠంగా 120. నిపుణుడి నివేదిక కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే 121వ రోజున జవాబిచ్చే హక్కే పోతుంది.