హైదరాబాద్ గడియారాలు: స్కెచ్‌బుక్‌లో ఐదో పేజీ దాకా

మాది హనుమకొండ. హైదరాబాద్ ఎన్నిసార్లు వెళ్లానో లెక్కలేదు, కానీ అన్నీ పని మీదే. పెళ్లి, ఆసుపత్రి, బట్టలు కొనడం. పని కాగానే తిరుగు రైలు. మొన్న వేసవి సెలవుల్లో స్కెచ్చింగ్ మొదలుపెట్టాక ఒక నియమం పెట్టుకున్నాను. వీలైన నెలలో ఒక ఆదివారం వెళ్లాలి, ఒక్క గడియారం ముందే కూర్చోవాలి, పేజీ పూర్తయ్యేదాకా అక్కడి నుంచి లేవకూడదు.

గడియారాలే ఎందుకంటే, ఆ ఊళ్లో పాత గడియార స్తంభాలు చాలా ఉన్నాయి. ఎక్కువ వాటికి టికెట్ అక్కర్లేదు, రోడ్డు మీంచే కనిపిస్తాయి. పైగా జేబులో వాచీ లేని రోజుల్లో ఊరంతా తలెత్తి చూసిన చోట్లు అవి. అక్కడ గంట కూర్చుంటే ఆ ఊరి నడక అర్థమవుతుంది.

జూన్: సికింద్రాబాద్ క్లాక్ టవర్

కాజీపేటలో పొద్దున రైలెక్కితే రెండు గంటల్లో సికింద్రాబాద్. స్టేషన్ నుంచి క్లాక్ టవర్‌కు నడకే, పావుగంట పట్టింది. 120 అడుగుల కట్టడం. 1896లో కట్టి, 1897 ఫిబ్రవరి 1న ప్రారంభించారు. గడియారాన్ని దివాన్ బహదూర్ సేఠ్ లక్ష్మీనారాయణ రాంగోపాల్ ఇచ్చారు. దాని చుట్టూ చిన్న పార్కు ఉంది, చెట్టు నీడ దొరికింది.

సామాన్లు: ఏ5 స్కెచ్‌బుక్, 2బీ పెన్సిల్, రబ్బరు, మామూలు జెల్ పెన్ను. మొత్తం గంటా నలభై నిమిషాలు పట్టింది. టవర్ బాగానే వచ్చింది గానీ గడియారం ముఖం కుదరలేదు. కారణం ఇంటికొచ్చాక తెలిసింది. కింద నుంచి పైకి చూస్తున్నాం కాబట్టి ఆ ముఖం గుండ్రంగా కనపడదు, కాస్త నొక్కినట్టు కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. నేను మాత్రం "గడియారం అంటే గుండ్రం" అని మనసులో ఉన్నదాన్ని గీశాను.

ఇంకో సంగతి ముళ్లది. గీయడం మొదలుపెట్టినప్పుడు పదీ పది. ముళ్ల దాకా వచ్చేసరికి పదకొండున్నర దాటింది. నీడలు పది గంటలవి, ముళ్లు పదకొండున్నరవి. ఆ రోజు నుంచి పేజీలో మొదటి గీత ముళ్లదే. మిగతా టవర్ అంతా ఆ ముళ్ల చుట్టూ కట్టుకుంటూ వస్తాను. పేజీ మూలన మొదలుపెట్టిన టైమ్, ముగించిన టైమ్ కూడా రాస్తున్నాను.

జూలై, మళ్లీ సెప్టెంబర్: మొజంజాహీ మార్కెట్

ఇది నాకు రెండు ప్రయాణాలు తీసుకుంది. రెండూ దానికి తగినవే.

మార్కెట్‌ను 1935లో కట్టారు, రాతి కట్టడం. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ రెండో కొడుకు మొజం జా పేరు పెట్టారు. కూడలి మూలన గడియారపు బురుజు, దాని నుంచి రెండు వైపులా రెండు చేతులు చాచినట్టు దుకాణాల వరుసలు. మెట్రోలో గాంధీ భవన్ స్టేషన్‌లో దిగి నడిచాను.

జూలైలో పన్నెండింటికి వాన మొదలైంది. నా పుస్తకంలో కాగితం పల్చనిది, 90 జీఎస్ఎమ్ (చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ లెక్క). నాలుగు చుక్కలు పడగానే ముడతలు పడింది. జెల్ పెన్ను ఇంకు నీలంగా పాకి, బురుజు సగం కరిగిపోయింది. ఏడుపొచ్చినంత పనైంది. వరండాలో నిలబడి వాన తగ్గేదాకా ఆ రాళ్లను చూస్తూ ఉండిపోయాను. తడిసినప్పుడు ప్రతి రాయీ విడివిడిగా కనిపిస్తుంది. ఎండలో అంతా ఒకే బూడిద రంగు అనుకున్నది, తడిసినప్పుడు కొంచెం గులాబీ, కొంచెం ఆకుపచ్చ. ఆ రంగులు పేర్లతో సహా పేజీ వెనక రాసుకున్నాను.

ఆగస్టులో వెళ్లలేదు. ఆ నెల సామాన్లు మార్చాను. 200 జీఎస్ఎమ్ కాగితమున్న ఏ5 పుస్తకం, నీళ్లకు కరగని ఇంకుతో 0.1, 0.3, 0.5 పెన్నులు, పన్నెండు బిళ్లల నీటిరంగుల పెట్టె, పిడిలోనే నీళ్లు నింపుకునే బ్రష్. కాగితం ఎగరకుండా రెండు బట్టల క్లిప్పులు. మడత స్టూలు కొనాలా వద్దా అని చాలా ఆలోచించి కొన్నాను. అన్నిట్లోకీ ఎక్కువ పనికొచ్చింది అదే. పాత బజారు సందుల్లో కూర్చునే చోటు వెతుక్కోవడమే సగం అలసట.

సెప్టెంబర్ చివర్లో రెండో ప్రయత్నం. ముళ్లు ముందు: తొమ్మిదీ ఇరవై. తర్వాత బురుజు మధ్యలో పైనుంచి కిందికి సన్నగా ఒక నిట్టనిలువు గీత. ఆ గీతకు రెండు వైపులా చేతులు. ఈసారి రాళ్లన్నీ గీయలేదు. మూలల్లో మాత్రం ఏడెనిమిది రాళ్లు గీసి, మిగతాది రంగుకు వదిలేశాను. జూలైలో రాసుకున్న గులాబీ, ఆకుపచ్చ ఇక్కడ అక్కరకొచ్చాయి. గంటా పది నిమిషాల్లో పూర్తయింది. ఆ తర్వాత మార్కెట్లోనే సీతాఫలం ఐస్‌క్రీమ్. సీతాఫలాల కాలంలో వెళ్తే అది తినకుండా రావద్దు.

అక్టోబర్: చార్మినార్, పక్కనే మహబూబ్ చౌక్

దసరా సెలవుల్లో తార్నాకలో మా పిన్ని ఇంట్లో రెండు రోజులున్నాను. పగలు వెళ్లాలంటే తార్నాకలో మెట్రో ఎక్కి, పరేడ్ గ్రౌండ్‌లో ఆకుపచ్చ లైనుకు మారి, ఎంజీబీఎస్‌లో (మహాత్మా గాంధీ బస్ స్టేషన్) దిగి ఆటో తీసుకోవాలి. చార్మినార్ దాకా మెట్రో లేదు. నాకు తెల్లవారు వెలుగు కావాలి కాబట్టి పిన్ని ముందురోజు రాత్రే తెలిసిన ఆటో అతన్ని మాట్లాడిపెట్టింది. "ఒక్కదానివే ఎందుకే, నేనూ వస్తా" అని తనూ బయల్దేరింది. ఆరుంబావుకి అక్కడున్నాం.

చార్మినార్‌ను 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించాడు. నాలుగు కమాన్ల మీద నాలుగు గడియారాలు మాత్రం 1889లో వచ్చాయి. అంటే దాదాపు మూడు వందల ఏళ్లు ఈ కట్టడం గడియారం లేకుండానే నిలబడింది. గీస్తున్నప్పుడు ఈ తేడా చేతికి తెలుస్తుంది. చుట్టూ సున్నపు పని, పువ్వులు, చిన్న చిన్న కమాన్లు. మధ్యలో ఉన్న ఆ గుండ్రం వేరే కాలం నుంచి వచ్చినట్టే ఉంటుంది.

నాలుగు కమాన్లు నాలుగు దిక్కులకు ఉన్నాయి. పొద్దున పూట ఎండ తూర్పు ముఖం మీద పడుతుంది కాబట్టి సర్దార్ మహల్ వైపు దారిలో స్టూలు వేసుకున్నాను. పావురాలు తప్ప పెద్దగా జనం లేరు. ఏడున్నర దాకా ఆ ప్రశాంతత దొరికింది. ఒక్కో పక్క సుమారు 20 మీటర్లు. ముందు ఆ చతురస్రం వేసుకుని, పెన్సిల్ చాచి పట్టుకుని మినార్ పొడుగు కొలిచాను. మొదటి ప్రయత్నంలో మినార్‌కు మూడు అంచెలే వేశాను. పిన్ని వెనక నుంచి చూసి "నాలుగున్నాయి కదే" అంది. లెక్కపెడితే నిజంగా నాలుగే. పేజీ తిప్పి మళ్లీ మొదలుపెట్టాను. మొత్తం రెండు గంటల ఐదు నిమిషాలు, ఇప్పటిదాకా ఎక్కువ సమయం పట్టింది దీనికే. మధ్యలో పిన్ని తెచ్చిన ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు.

లాడ్ బజార్ దాటుకుని వెళ్తే మహబూబ్ చౌక్. జనం ముర్గీ చౌక్ అంటారు. ఇక్కడి గడియార స్తంభం 1892 నాటిది, అప్పుడు హైదరాబాద్ సంస్థాన ప్రధానిగా ఉన్న అస్మాన్ జా కట్టించాడు. ఎండ ముదిరింది. గాజుల దుకాణం పెద్దాయన చూసి "బేటీ, ఇటు నీడలోకి రా, ఇక్కడి నుంచి ఇంకా బాగా కనిపిస్తుంది" అని తన మెట్టు మీద చోటిచ్చాడు. నిజంగానే అక్కడి నుంచి రెండు ముఖాలు ఒకేసారి కనిపించాయి. యాభై నిమిషాలు, పెన్ను మాత్రమే, రంగు లేదు. వచ్చేముందు ఆయనకు పేజీ చూపించాను. చాలాసేపు చూసి, కింద తన దుకాణం కూడా వేయమన్నాడు. వేశాను.

నవంబర్: సాలార్‌జంగ్ మ్యూజియం

ఇది టవర్ కాదు, గోడ గడియారం కూడా కాదు. కుక్ అండ్ కెల్వీ సంస్థ నుంచి వచ్చిన సంగీత గడియారం. లోపల ఒక కమ్మరి బొమ్మ క్షణక్షణం సుత్తితో కొడుతూ ఉంటుంది. గంట కాగానే గడ్డం ఉన్న చిన్న బొమ్మ తలుపు తీసుకుని వచ్చి, ఎన్ని గంటలైతే అన్నిసార్లు గంట కొట్టి లోపలికి పోతుంది. పన్నెండింటికి పన్నెండు దెబ్బలు కాబట్టి అప్పుడు జనం ఎక్కువ. నేను పదకొండున్నరకే వెళ్లి కూర్చున్నాను.

అక్కడ గీయడానికి ప్రయత్నించలేదు. జనం మధ్య స్టూలు, రంగులు కుదరవు. చేసిన పని ఒకటే: పన్నెండు దెబ్బలూ కళ్లార్పకుండా చూసి, బయట నీడలో కూర్చుని గుర్తున్నంత వరకు గీయడం. బొమ్మ తలుపు, గడ్డం, చేతి వంపు బాగా గుర్తున్నాయి. చుట్టూ ఉన్న చెక్కపని అసలు గుర్తులేదు. ఒంటిగంటకు మళ్లీ లోపలికెళ్లి ఈసారి చెక్కపని ఒక్కటే చూసొచ్చాను. ముళ్లు పన్నెండు మీద కలిసి ఉన్న క్షణాన్నే పేజీలో ఉంచాను. ఐదు పేజీల్లో నాకు బాగా నచ్చింది ఇదే.

వెళ్లేవాళ్లకు ఒక మాట: సాలార్‌జంగ్‌కు శుక్రవారం సెలవు. చౌమహల్లా ప్యాలెస్‌కు కూడా శుక్రవారమే. ఈ రెండూ ఒకే రోజు చూడాలనుకుంటే వారం చూసుకుని టికెట్లు తీసుకోండి.

డిసెంబర్‌కు చౌమహల్లా ద్వారం మీది గడియారం అనుకుంటున్నాను. ప్యాలెస్ పదింటికి తెరుస్తారు. ఆ ద్వారం మీద ఎండ ఎప్పుడు పడుతుందో ముందు ఒకసారి చూసి రావాలి. పిన్ని ఇప్పటికే తనకూ ఒక మడత స్టూలు కొనుక్కుంది.