పంపు అడుగున చిన్న బెజ్జం

శాన్‌డియేగోలో మా తెరచాప పడవ డీజిల్ ఇంజను కింద తెల్లగా ఉప్పు పేరుకుంటుంటే ముందు గొట్టాల క్లాంపుల్నే అనుమానించాను. టిష్యూ పేపరు పరిచి పది నిమిషాలు ఇంజను నడిపితే దొంగ దొరికింది: ఇంజన్ని చల్లబరచడానికి సముద్రపు నీళ్లు తోడే పంపు అడుగున చిన్న బెజ్జం. పంపు షాఫ్టు చుట్టూ నీళ్లు ఆపే రబ్బరు సీలు పోతే ఉప్పునీరు ఇంజనాయిల్లోకి వెళ్లకుండా బయటికి కారిపోవడానికే అది పెట్టారు. నేనేమో ఎంసీల్‌తో మూసేద్దామనుకున్నాను!

సీకాక్ (సముద్రపు నీళ్లు పడవలోకి వచ్చేచోట ఉండే వాల్వు) కట్టేసి పంపు విప్పాను. షాఫ్టు మీద సీలు రాసుకునేచోట గోరుకి తగిలేంత గాడి. ఒక్క సీలే మారిస్తే మళ్లీ ఇదే కథ, అందుకని షాఫ్టూ మార్చాను. సీలు పెదవి నీళ్లవైపు ఉండాలి. మొదటిది తిరగేసి కొట్టాను, అది దండగ. ఇంపెల్లర్‌కి, అంటే పంపులో తిరిగి నీళ్లు తోసే రబ్బరు చక్రానికి, గిన్నెల సబ్బు రాసి, రెక్కలు మడిచి లోపలికి తోశాను.

స్టార్ట్ చేశాక, ఆ నీళ్లు పొగతోపాటు బయటికొచ్చే ఎగ్జాస్టు దగ్గర్నుంచి మా ఆవిడ కేక: "నీళ్లొచ్చాయండీ!"