సిధ్నా గని ఎవరిది

స్కైరిమ్ అనే వీడియో గేమ్ ఆడినవాళ్లు ఇద్దరు కలిస్తే వచ్చే వాదన ఒకటే, అందులోని అంతర్యుద్ధంలో నువ్వు సామ్రాజ్యం తరఫు ఇంపీరియల్ వైపా, దాని మీద తిరగబడ్డ స్టార్మ్‌క్లోక్ వైపా అని. ఆట వచ్చింది 2011లో, హన్మకొండలో మా దోస్తుల మధ్య ఆ పంచాయితీ ఇంకా తెగలేదు. నాకైతే అక్కడి రాజ్యం అసలు రూపం మార్కార్త్ ఊర్లోనే కనిపించింది.

ఊర్లో అడుగుపెట్టగానే బజార్లో కత్తిపోటు. ఎల్ట్రిస్ అనే పిల్లగాడు చేతిలో చీటీ పెట్టి, టాలోస్ గుడి దగ్గర కలిసి, ఈ హత్యల వెనక ఎవరున్నారో కనుక్కోమంటాడు. తీగ లాగితే డొంకంతా కదులుతుంది. సిల్వర్‌బ్లడ్ కుటుంబంలోని థోనార్, జైల్లో ఉన్న, ఫోర్స్‌వోర్న్ అనే కొండజాతి తిరుగుబాటుదారుల నాయకుడు మదనాక్‌ను ప్రాణాలతో ఉంచి, అతని మనుషులతో తనకు అడ్డొచ్చినవాళ్లను చంపిస్తున్నాడు. ఇది తెలుసుకుని గుడికి తిరిగొచ్చేసరికి ఎల్ట్రిస్ శవమై ఉంటాడు, పక్కనే భటులు కాచుకుని ఉండి హత్యలన్నీ మన మీదే వేస్తారు. విచారణ లేదు, సాక్షి లేడు, నేరుగా యావజ్జీవం.

ఆ జైలు పేరు సిధ్నా గని, దాని యజమానులు ఆ సిల్వర్‌బ్లడ్ వాళ్లే! ఖైదీలు తవ్వే వెండి వాళ్ల ఇంటికే పోతుంది, అంటే లోపలికి ఎంతమంది వస్తే వాళ్లకు అంత లాభం, పూర్తిగా వెట్టి. లోపల మదనాక్‌ను చంపి బయటికొస్తే థోనారే ఎదురొచ్చి, నీకు క్షమాభిక్ష ఇప్పించాను అని చేతిలో ఉంగరం పెడతాడు. ఊరిని ఏలే యార్ల్ ఇగ్ముండ్ మనల్ని పిలిచి ఏం జరిగిందని కూడా అడగడు.

ఫోర్స్‌వోర్న్ వాళ్లను ఉత్త దొంగలని తీసిపారేసేవాళ్లతో నాకు పడదు. ఆ కొండలు తరతరాలుగా వాళ్ల జాతివి, మార్కార్త్‌ను ఒకసారి గెలుచుకుంటే, ఇప్పుడు స్టార్మ్‌క్లోక్‌ల నాయకుడైన ఉల్ఫ్రిక్ సైన్యంతో వచ్చి మళ్లీ లాక్కున్నాడు. మనం కాకతీయ తోరణం చూసి గర్వపడతాం, కానీ కరువులో కప్పం కట్టలేమన్నందుకు కోయల మీదికి ఆ కాకతీయుల సైన్యమే వచ్చిందని చెప్పుకునే మేడారానికి రెండేళ్లకోసారి పోయి, ఎదురు నిలిచిన సమ్మక్క సారలమ్మలకే మొక్కుతాం. అట్లాంటి చోట పుట్టినవాళ్లం కొండజాతి గోడు వినకుండా ఎట్లుంటాం? అట్లని బజార్లో అమాయకుల్ని పొడవడం నాకు ఒప్పు కాదు, అందుకే చంపే దారి వదిలి మదనాక్‌తో కలిసి తప్పించుకున్నప్పుడు కూడా మనసు కుదుటపడలేదు.

జెండా మారితే బాగుపడుతుందా అంటే, స్టార్మ్‌క్లోక్‌లు గెలిచాక ఇగ్ముండ్ పోయి ఆ గద్దె మీద కూర్చునేది థోంగ్వోర్, థోనార్ సొంత అన్నదమ్ముడు. ఇంకేం మారుతుంది?

థోనార్ రాసుకున్న డైరీ మన చేతికి దొరుకుతుంది. దాన్ని అందరి ముందు యార్ల్ ఎదుట పెట్టి, ఎల్ట్రిస్‌ను ఎవరు చంపించారో చెప్పించే దారి ఒక్కటి ఆటలో ఉండాల్సింది. యుద్ధంలో ఎవరు గెలవాలన్నదానికన్నా నాకు ఆ క్వెస్టే ఎక్కువ కావాలి.