తొట్టి దగ్గర మొదలయ్యే ఫొటో పుస్తకం

జపాన్‌లో షికోకు దీవి. తొకుషిమా ఊళ్లో రైలెక్కి యోషినో నది వెంబడి పోతే గంటలోపే ఆవా-యమకావా స్టేషన్ వస్తుంది. అక్కడి నుంచి ఆవా వాషి భవనానికి నడిచి వెళ్లొచ్చు. వాషి అంటే జపాన్ చేతికాగితం. సోమవారం సెలవు, అది చూసుకుని బయల్దేరాలి. ఫొటో పుస్తకానికి కాగితం వెతుక్కుంటూ మేం జనవరిలో వెళ్లాం. చలికాలమే ఎందుకన్నది కాగితం తీసే తొట్టి దగ్గర చెప్తాం.

తొకుషిమా పాతపేరు ఆవా. 2014లో యునెస్కో జాబితాకెక్కిన మూడు వాషి కాగితాల్లో ఇక్కడిది లేదు. అయినా ఫొటోలు ముద్రించేవాళ్లు ఇక్కడికి వెతుక్కుంటూ వస్తారు. ఫుజిమోరి కుటుంబం నడిపే ఆవాగామి కార్ఖానా నార కాగితం మీద ఇంక్‌జెట్ పూత వేసి అమ్ముతుంది. ఫొటోకీ జపాన్ కాగితానికీ పొత్తు కొత్తదేం కాదు. 1903–1917 మధ్య అమెరికా ఫొటోగ్రాఫర్ ఆల్ఫ్రెడ్ స్టీగ్లిట్జ్ నడిపిన ‘కెమెరా వర్క్’ పత్రికలో పల్చటి జపాన్ కాగితం మీద తీసిన ఫొటోగ్రావ్యూర్లను (చెక్కిన రాగిరేకుతో సిరా అద్ది తీసే ఫొటోలను) విడిగా అంటించేవారు.

ముడిసరుకు కోజో అనే మొక్క బెరడు. మన మదనపల్లె, హిందూపురం రైతులు పట్టుపురుగులకు మేపే మల్బరీకి ఆ మొక్క చుట్టం. చలికాలంలో కొమ్మలు నరికి, ఆవిరి మీద ఉడికించి, బెరడు ఒలుస్తారు. పైన నల్లతోలు గీకేస్తే మిగిలేది తెల్లనార. కిలో ఎండు నారకు 150 నుంచి 200 గ్రాముల సోడా యాష్ అనే క్షారం వేసి రెండు గంటలు ఉడకబెట్టాలి. వేళ్లతో లాగితే నిలువుగానే కాదు, అడ్డంగా కూడా తేలిగ్గా విడిపోతే ఉడికినట్టు. తర్వాత నీళ్లలో కడుగుతూ నలకలు ఏరతారు. చూసేవాళ్లకు విసుగొచ్చే పని. కానీ ఇక్కడ వదిలేసిన ఒక్క నల్ల నలక రేపు ఫొటోలో ఏ బుగ్గ మీదో తేలుతుంది.

కోజో నార పోగు ఇంచుమించు సెంటీమీటరు పొడవు. మామూలు కలప గుజ్జులో పోగు సాధారణంగా ఒకటి నుంచి నాలుగు మిల్లీమీటర్లే. వాషి బలమంతా ఈ పొడవులోనే ఉంది, తలనొప్పీ దీనితోనే. పొడుగు పోగులు నీళ్లలో ఉండకట్టుకుంటాయి. అందుకే తొట్టిలో తొరొరో-ఆవోయి వేరు జిగురు కలుపుతారు. ఈ మొక్క బెండకు తోబుట్టువే, బెండకాయ కోసినప్పుడు చేతికి అంటుకునే జిగురు లాంటిదే ఇదీనూ. వెచ్చబడితే ఆ జిగురు పలచబడిపోతుంది. చలికాలంలో కాగితం బాగా కుదరడానికి ఒక కారణం అదే.

వెదురు తడిక బిగించిన చట్రాన్ని తొట్టిలో ముంచి, మొదటి ముంపు నీళ్లను చప్పున పారబోస్తారు. అది పైపొర. తర్వాతి ముంపులను ముందుకూ వెనక్కూ ఊపుతూ నింపుతారు, పోగులు ఒకదాన్నొకటి పెనవేసుకునేది అప్పుడే. చివర్లో మిగిలిన నీళ్లను ఒక్క విసురుతో బయటికి నెట్టేస్తారు. జిగురు చాలకపోతే నీళ్లు తొందరగా దిగిపోయి గడ్డలు మిగులుతాయి. ఎక్కువైతే అసలు దిగవు. తడి కాగితాన్ని దొంతర మీద పరిచేటప్పుడు గాలి చిక్కిందా, అక్కడ బుడగ. చట్రం నుంచి ఒక్క చుక్క కారిందా, అక్కడ చిల్లు. మధ్యలో గుడ్డలేం వేయరు. రాత్రంతా బరువు పెంచుతూ నొక్కినా, మర్నాడు కాగితాలు విడివిడిగా లేచి వస్తాయి.

ప్రింటర్ ముందు ఎదురయ్యే ప్రతి చిక్కుకూ మూలం ఈ తొట్టిలోనే దొరుకుతుంది. పైకి లేచిన పోగు మీద సిరా పడి, ఆ పోగు తర్వాత రాలిపోతే తెల్లచుక్క మిగులుతుంది. అందుకని ముద్రణకు ముందే మెత్తటి బ్రష్షుతో ఒకే దిశలో దులపాలి. ప్రింటర్‌లో సిరా చిమ్మే హెడ్డుకూ కాగితానికీ మధ్య ఎడం పెంచాలి, మ్యాట్ (మెరుపులేని కాగితాలకు వాడే) నల్ల సిరా వాడాలి, షీట్లు వెనక దారిలో ఒక్కొక్కటే పెట్టాలి. ఆవాగామి వాళ్ల బిజాన్ లాంటి 200 జీఎస్ఎం (చదరపు మీటరుకు 200 గ్రాములు తూగే) కాగితానికి అంచులు చింపినట్టు ఎగుడుదిగుడుగా ఉంటాయి. అవి హెడ్డుకు గీసుకుంటాయి కాబట్టి చుట్టూ 3 సెంటీమీటర్లు వదిలేయండి. బరైటా (బేరియం సల్ఫేట్ పూత వేసిన ఫొటో) కాగితం మీద వచ్చే చిక్కటి నలుపు దీనిమీద రాదు. నీడల్ని ముందే కాస్త తేలిక చేసుకోవాలి. రాత్రి వీధులు, నల్లటి నేపథ్యాలు దీనికి నప్పవు. పొగమంచు, చర్మం, మట్టిగోడ అద్భుతంగా కూర్చుంటాయి.

ప్లాటినం ముద్రణ (ప్లాటినం లవణాలు కాగితానికి పూసి, వెలుతురుతో బొమ్మ తెప్పించే పాత పద్ధతి) చేసేవాళ్లు పూత లేని కాగితమే కొనాలి, అందులో సుద్ద కలపలేదని అడిగి మరీ తెలుసుకోవాలి. సుద్ద క్షారం, అది ఉంటే ఆ పూతలోని ఫెర్రిక్ ఆక్సలేట్ దెబ్బతిని బొమ్మ వెలవెలబోతుంది.

ఇక పుస్తకం. 70 జీఎస్ఎం కోజోకు రెండువైపులా ముద్రిస్తే ఒకవైపు బొమ్మ రెండోవైపు తొంగిచూస్తుంది. జపాన్ వాళ్ల పాత పద్ధతే దీనికి మందు: ఒకవైపే ముద్రించి, బొమ్మ బయటికి ఉండేలా షీటు మధ్యకు మడిచి, మడత పాఠకుడి వేలివైపు వచ్చేలా, విడి అంచులు కుట్టువైపు పెట్టాలి. ముద్రించాక ఒక రోజు ఆరనిచ్చి మడవండి. పోగుల వాలు (ఎక్కువ పోగులు సాగిన దిశ) కుట్టుకు సమాంతరంగా ఉండాలి. అడ్డంగా పడితే పేజీ తిప్పగానే నిక్కబొడుచుకుంటుంది. నాలుగు చిల్లుల కుట్టు చాలు: చిల్లులు అంచుకు సెంటీమీటరు లోపల, దారం పుస్తకం ఎత్తుకు కనీసం నాలుగింతలు, లావు పుస్తకమైతే ఇంకాస్త. కుట్టువైపు బొమ్మకు 25 మిల్లీమీటర్ల ఖాళీ వదలకపోతే ముఖాలు సగం కుట్టులోకి పోతాయి.

కొన్న షీట్లను చుట్టకుండా, రెండు గట్టి అట్టల మధ్య పరిచి తెచ్చుకోవడం మేలు. విశాఖ, కాకినాడ లాంటి ఉక్కపోత ఊళ్లకు చేరాక ముద్రించే గదిలోనే ప్యాకెట్టు విప్పి ఒక రోజు ఉంచండి. ఆత్రంగా విప్పీ విప్పగానే ప్రింటర్లో పెడితే మూలలు లేచి హెడ్డుకు తగులుతాయి.