పోస్టు డబ్బా మీద పేరు లేకపోతే జర్మనీలో మనం లేనట్టే

నిన్నటికి నా ట్యాక్స్ నంబరు చేతికొచ్చింది. కోపం చల్లారకముందే రాసేస్తున్నాను.

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. జర్మనీలో ఖర్చులకి డబ్బుందని వీసాకి చూపించే బ్లాక్డ్ అకౌంట్లో 11,904 యూరోలు వేయడానికి నాన్న పడ్డ పాట్లు, వాటి గురించి రాయను. వీసాకి కోల్‌కతా పోవాల్సి వచ్చింది, పక్కనే ఆంధ్రాలో ఉన్న పాతపట్నంలో మా ఇల్లుంటే ఆ రైలు తప్పేది. దిగాక రెండు వారాల్లోపు చిరునామా నమోదు చేయించుకోవాలి. ఓనరు సంతకం పెట్టిన కాగితం, పాస్‌పోర్టు చూపిస్తే పది నిమిషాల్లో అయిపోయింది.

మిగతావన్నీ పోస్టులో వస్తాయన్నారు. ఐదు వారాలు చూశాను. ట్యాక్స్ నంబరు లేదు, బ్యాంకు పిన్ను లేదు, ఇన్సూరెన్స్ కార్డు లేదు. డబ్బా తెరిస్తే పిజ్జా కరపత్రాలు. పార్ట్‌టైం పని ఇచ్చినాయన రోజూ నంబరేదని అడగడం, నేను రేపు రేపు అనడం.

చివరికి విదేశీయుల ఆఫీసుకి వెళ్లాను. కౌంటర్లో ఆవిడకి ఇంగ్లీషు వచ్చో రాదో తెలీదు, మాట్లాడదు మాత్రం. తెలుగు, ఒడియా, హిందీ, ఇంగ్లీషు నాలుగూ గడగడా మాట్లాడే నేను అక్కడ మూగవాణ్ణైపోయాను. వెనక నిలబడ్డ కుర్రాడు జాలిపడి చెప్పాడు, "నీకు పంపిన ఉత్తరం తిరిగొచ్చిందట, ఆ ఇంట్లో అలాంటి మనిషే లేడట, నువ్వు నిజంగా అక్కడే ఉంటున్నావా అని అడుగుతోంది." లైనంతా నన్నే చూస్తోంది. అద్దె కట్టిన కాగితం చూపించాను. చాలదనిపించి జేబులోంచి ఇంటి తాళంచెవి కూడా తీసి చూపించాను. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది, తాళంచెవి మీద పేరుంటుందా ఏమన్నా!

ఆవిడ కాగితం మీద ఒక డబ్బా బొమ్మ గీసి, దాని మీద నా ఇంటిపేరు రాసి నా వైపు తోసింది. అప్పుడు వెలిగింది. ఇక్కడ చిరునామాలో ఫ్లాట్ నంబరు రాయరు. పోస్టుమాన్ డబ్బా మీది ఇంటిపేరు చూసి వేస్తాడు, లేకపోతే వెనక్కి పట్టుకుపోతాడు. నా డబ్బా మీద పాత కిరాయిదారు పేరే ఉంది. "నేను మారుస్తాలే" అన్న ఓనరు మార్చలేదు. అద్దె మాత్రం ఒకటో తారీఖు దాటనివ్వడు. ఓనర్ల మాట నమ్మకండి, తాళాలు తీసుకున్న రోజే డబ్బా మీదా కాలింగ్ బెల్ మీదా మీరే పేరు అంటించుకోండి.

అమ్మకి చెప్తే, "ఏటిరా, పోస్టోడు ఎవర్నీ అడగడా?" అంది. మా వీధిలో నాన్న పేరు ఒక్కటి రాసినా చాలు, ఉత్తరం టీకొట్టు దగ్గరే చేతికిచ్చేస్తాడు.

కాగితం మీద పేరు రాస్తే చివరి మూడక్షరాలు పట్టలేదు, ఇంకా చిన్నగా రాసి టేపు వేశాను. కింద ఇంటి ముసలావిడ ఆగి, దాన్ని మూడు ముక్కలుగా చదివి, టేపు అంచు గోరుతో నొక్కి వెళ్లింది. ట్యాక్స్ నంబరు మళ్లీ పంపమని అడిగాను, మళ్లీ పోస్టులోనే పంపారు. అదొచ్చేలోపు నా పేరుతో వచ్చిన మొట్టమొదటి ఉత్తరం టీవీ, రేడియో రుసుము నెలకి 18.36 యూరోలు కట్టమని. నాకు టీవీ లేదు.